ఇంగ్లండ్ పల్లెలో పూర్వీకుల వేట: అపోహలు - వాస్తవాలు

ఇంగ్లండ్‌లో ఒక కౌంటీ రికార్డు ఆఫీసులో పాత కాగితాలు చదివిపెట్టడం నా పని. వచ్చేవాళ్లు ఎక్కువగా ఇక్కడివాళ్లే. అప్పుడప్పుడు సికింద్రాబాద్ లాలాగూడ నుంచి ఏ ఆంగ్లో ఇండియన్ కుటుంబమో "మా ముత్తాతగారి తాతది ఈ ఊరేనట" అని రాస్తుంది. ఎవరు అడిగినా అవే నాలుగైదు నమ్మకాలు.

అపోహ: మావాళ్లు కూలీలు. వాళ్ల గురించి ఎవరు రాసిపెడతారు?

వాస్తవం: చాలాసార్లు కూలీల గురించే ఎక్కువ రాశారు. 1662 చట్టంతో, పేదవాడు చెయ్యి చాచాల్సి వస్తే అతని సొంత పారిషే (ఒక చర్చి పరిధిలోకి వచ్చే ఊరు) పోషించాలన్న పద్ధతి గట్టిపడింది. ఆ ఖర్చు ఊళ్లో పన్ను కట్టేవాళ్ల నెత్తిన పడేది. అందుకే పరాయి మనిషి చితికిపోతే చాలు, మేజిస్ట్రేట్ల ముందు ప్రమాణం చేయించి కూపీ లాగేవాళ్లు. ఎక్కడ పుట్టావు, ఎవరి దగ్గర జీతానికి ఉన్నావు, ఎంతిచ్చారు, పెళ్లెప్పుడైంది, పిల్లలెందరు? గుమస్తా అంతా రాసుకునేవాడు. కింద సంతకం రానివాడి ఇంటూ గుర్తు. పెళ్లికాని మనిషి ఒక ఊళ్లో ఏడాది నిండా జీతానికి ఉంటే అది అతని సొంత పారిష్ అయిపోయేది. అది తప్పించడానికి కొందరు రైతులు 51 వారాలకే కుదుర్చుకునేవాళ్లు. ఆ ఒక్క వారం కోసం ఒక ఊరు ఇంకో ఊరితో కోర్టుకెక్కిన కాగితాలూ ఉన్నాయి. "మావాళ్లు తరతరాలుగా ఆ ఊరు దాటలేదు" అనేవాళ్లకు నేను ముందు చూపించేది ఈ కట్టలే. మీ మనిషి బాప్తిజం ఆ ఊళ్లో కనబడకపోతే ముందు చుట్టుపక్కల ఊళ్లు గాలించండి.

అపోహ: చర్చి పుస్తకంలో ఉన్నది పుట్టినరోజు.

వాస్తవం: అది బాప్తిజం తేదీ. నలుగురు పిల్లలకు ఒకేరోజు చేయించిన ఇళ్లున్నాయి. ఈ పుస్తకాలు రాయమన్న ఆదేశం 1538 నాటిది. పేజీకి ఎనిమిది చొప్పున, తండ్రి వృత్తితో సహా గళ్లున్న అచ్చు ఫారాలు 1813లో గాని రాలేదు. ఇంకో తిరకాసు: 1752కు ముందు ఇక్కడ కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. 1720 నవంబరులో బాప్తిజమైన బిడ్డను 1720 ఫిబ్రవరిలో పాతిపెట్టినట్టు ఉంటే అది పొరపాటు కాదు, నవంబరు తర్వాత వచ్చిన ఫిబ్రవరే అది. దీని మీద ఒకాయన నాతో అరగంట వాదించారు.

అపోహ: స్పెల్లింగ్ వేరైతే వేరే కుటుంబం.

వాస్తవం: రాసింది పాదిరి, చెవికి ఎలా వినబడితే అలా. విదేశీ ఫారాల్లో మన ఇంటిపేర్లు పడే పాట్లు చూసినవాళ్లకు ఇది కొత్తేం కాదు.

అపోహ: జనాభా లెక్కల్లో వయసు కచ్చితం.

వాస్తవం: 1841లో 15 దాటినవాళ్ల వయసును కిందికి, అయిదు గుణిజానికి దించి రాయమన్నారు. 38 ఏళ్ల మనిషి 35 అవుతాడు. పుట్టిన పారిష్ పేరు కావాలంటే 1851 చూడాలి. 1931 లెక్కల కోసం మాత్రం ఆశపడకండి, 1942లో మంటల్లో పోయాయి.

అపోహ: మా ఇంటిపేరుకు ఒక వంశచిహ్నం (కోట్ ఆఫ్ ఆర్మ్స్) ఉంది.

వాస్తవం: అది ఒక మనిషికి, అతని వారసులకు ఇచ్చేది. ఇంటిపేరుకు కాదు. కప్పు మీద అచ్చేసి అమ్ముతారు, కప్పు నచ్చితే కొనుక్కోండి.

అపోహ: అన్నీ ఆన్‌లైన్‌లో ఉన్నాయి.

వాస్తవం: లాలాగూడవాళ్లకు నేను ముందు చెప్పేది లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీ గురించి. మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి పంపిన బాప్తిజం, పెళ్లి, ఖననం పట్టీల నకళ్లు అక్కడున్నాయి, వాటిలో చాలా భాగం స్కాన్ అయింది. ఊరి పేదల కాగితాలు అలా కాదు. ఎన్నో కట్టలు ఇంకా టేపుతో కట్టి పెట్టెల్లోనే ఉన్నాయి. చూడ్డానికి వస్తే సినిమాల్లోలా తెల్ల గ్లవ్స్ తెచ్చుకోనక్కర్లేదు. చేతులు కడిగి తడి లేకుండా తుడుచుకుంటే చాలు. పెన్ను మాత్రం లోపలికి రానివ్వం. పెన్సిల్ తెచ్చుకోండి.