గోల్ఫ్ ఆడగలరా అని అడిగే ప్రశ్నపత్రం

మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్నవాళ్లకు వినీ వినీ విసుగొచ్చే మాట ఒకటుంది: ‘చూడ్డానికి బాగానే ఉన్నావుగా!’ చుట్టాలు అన్నారంటే పోన్లే అనుకోవచ్చు. డాక్టర్ల కొలతలు కూడా చాలాకాలం ఇంచుమించు ఇదే ధోరణిలో ఉండేవి.

మెదడులో, వెన్నుపాములో నరాలకు ఉండే మైలిన్ అనే తొడుగును మన రోగనిరోధక శక్తే దెబ్బతీసే జబ్బు ఇది. 1868లో పారిస్‌లో నరాల డాక్టర్ షార్కో దీన్ని ప్రత్యేకమైన జబ్బుగా వివరించాడు. రోగి పరిస్థితిని అంకెల్లో చెప్పడానికి ఇప్పటికీ వాడుతున్న స్కేలు మాత్రం 1955లో అమెరికన్ డాక్టర్ జాన్ కర్ట్‌జ్కీ చేతిలో పుట్టింది. ఐసోనియాజిడ్, అంటే మన టీబీ మందే, ఈ జబ్బుకు పనికొస్తుందా అని చూస్తున్న రోజులవి. మందు పనిచేయలేదు, స్కేలు మిగిలింది. 1983లో దానికి అర మార్కులు కూడా చేర్చి ఈడీఎస్ఎస్, అంటే విస్తరించిన వైకల్య స్కేలు, అన్నారు. సున్నా అంటే ఏ ఇబ్బందీ లేదని, 10 అంటే ఈ జబ్బుతో చనిపోయారని. చూపు, మూత్రం, ఆలోచన వగైరాలకు విడి మార్కులున్నా, 4 దాటాక పెత్తనమంతా నడకదే. ఆసరా లేకుండా 500 మీటర్లు నడిస్తే 4. వంద మీటర్లకు చేతికర్ర కావాల్సి వస్తే 6. చక్రాల కుర్చీకి పరిమితమైతే 7.

మందుల ట్రయల్స్‌కు ఇలాంటి అంకె కావాలి, కాదనను. కానీ మధ్యాహ్నం మూడయ్యేసరికి ఒళ్లు కూలబడే నీరసం, బస్సెక్కేముందు బాత్రూమ్ ఎక్కడుందోనన్న టెన్షన్, నోటిదాకా వచ్చి జారిపోయే మాట, ఇవన్నీ ఆ 500 మీటర్లలో ఎక్కడ కనబడతాయి?

1997లో ఎడిన్‌బరాలో 42 మంది రోగులనూ, డాక్టర్లనూ ఇదే అడిగారు: ఆరోగ్యంలో మీకు ఏది ముఖ్యం? డాక్టర్లు ఒంటి సత్తువ వైపు మొగ్గారు. రోగులు మానసిక ఆరోగ్యం, హుషారు అన్నారు. ఇంకో విశేషం, శారీరక వైకల్యం ఎంతుందన్న దాంట్లో ఇద్దరి లెక్కా బాగానే కలిసింది. ఆ లెక్కకూ, జీవితం ఎలా సాగుతోందన్న దానికీ మాత్రం పొంతన కుదరలేదు.

అప్పటికే దారి మారుతోంది, ప్రశ్నపత్రాలతో రోగులనే అడగడం మొదలైంది. 1995లో అమెరికాలో బార్బరా విక్రీ బృందం, అన్ని జబ్బులకూ వాడే ఎస్ఎఫ్-36 ప్రశ్నలకు ఈ జబ్బుకు సంబంధించిన మరో 18 చేర్చి ఎంఎస్‌క్యూఓఎల్-54 అనే ప్రశ్నపత్రం తయారుచేసింది. 2001లో లండన్ నుంచి వచ్చిన ఎంఎస్ఐఎస్-29 ఇంకా సూటిగా ఉంటుంది. గడిచిన రెండు వారాల్లో ఈ జబ్బు మిమ్మల్ని ఎంత ఇబ్బంది పెట్టిందని అడుగుతుంది. 29 ప్రశ్నల్లో 20 ఒంటివి, 9 మనసువి.

ఇక్కడ మన గొడవ ఒకటుంది. ఎస్ఎఫ్-36 అసలు ప్రతిలో ‘ఓ మోస్తరు పనులు’ అంటే ఏమిటో చెప్పడానికి ఇచ్చిన ఉదాహరణలు: బల్ల జరపడం, వాక్యూమ్ క్లీనర్ తోయడం, బౌలింగ్, గోల్ఫ్. ఆ 36 ప్రశ్నలూ 54లోకి వచ్చేశాయి. దీన్ని మాటకు మాట తెలుగులో పెట్టి నల్లగొండ రైతు ముందుంచితే ఆయన ఏం టిక్కు పెట్టాలి? నీళ్ల బిందె ఎత్తగలరా, కింద కూర్చుని లేవగలరా అంటే వెంటనే చెబుతాడు. ఒంటికి శ్రమ కలిగితే ఈ జబ్బులో చూపు కాసేపు మసకబారుతుందని జర్మన్ కంటి డాక్టర్ ఊథాఫ్ 1890లోనే గమనించాడు; ఒంట్లో వేడి పెరగడమే దానికి కారణమని తర్వాత తేలింది. మే నెల మధ్యాహ్నం కరెంటు పోతే మీ పరిస్థితేమిటన్న ప్రశ్న ఆ 54లో లేదు.