ఒంటికి అంటుకునే ఎలక్ట్రానిక్ చర్మం చెట్ల దాకా ఎలా వచ్చింది?

చెన్నైలోని తెలుగు ఇళ్లలో షుగర్ చూసే ప్యాచ్‌ను జబ్బకు అంటించుకున్న పెద్దవాళ్లు ఇప్పుడు బాగానే కనిపిస్తున్నారు. రెండు వారాలు ఉంచుకుని తీసి పారేస్తారు. మే నెల ఉక్కలో దాని కింద చెమట పట్టి దురద పెడుతుంది. పారేశాక మిగిలేది ప్లాస్టిక్కూ సెన్సరూ చిన్న బ్యాటరీ. చర్మంలా వంగుతూ ఒంటికి అతుక్కుని పనిచేసే పలుచని ఎలక్ట్రానిక్ పొరను ఎలక్ట్రానిక్ చర్మం అంటారు. దాన్ని మొక్కల పదార్థాలతో చేయాలన్న పట్టుదలకు ఈ చెమట, ఈ చెత్తే ముఖ్య కారణాలు.

మొదట్లో ఎవరి చూపూ చెట్ల మీద లేదు. బిరుసైన ఎలక్ట్రానిక్స్‌ను చర్మంలా వంచడమెలా అన్నదే అప్పటి చిక్కు. 1977లో హీగర్, మెక్‌డయర్మిడ్, షిరకావా అనే శాస్త్రవేత్తలు ప్లాస్టిక్‌లోనూ కరెంటు పారుతుందని చూపించారు. 2000లో వారికి నోబెల్ వచ్చింది. తర్వాత టోక్యోలో తకావో సొమేయా, స్టాన్‌ఫర్డ్‌లో జెనాన్ బావో స్పర్శను పసిగట్టే పలుచని పొరలు తయారుచేశారు. 2011లో ఇల్లినాయ్‌లో జాన్ రోజర్స్ బృందం స్టిక్కర్ పచ్చబొట్టులా ఒంటికి అతుక్కునే సర్క్యూట్‌ను ప్రకటించింది. అద్భుతమైన పనులే. కానీ ఈ రంగంలో ఎక్కువగా వాడిన పాలిఇమైడ్ ప్లాస్టిక్, సిలికోన్ రబ్బరు లాంటివి మట్టిలో కలిసేవి కావు.

మలుపు కలప నుంచి వచ్చింది. 2015లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో జెన్‌చియాంగ్ మా బృందం, కలప నుంచి తీసిన సెల్యులోజ్ (మొక్కల పీచు పదార్థం) నానోపోగుల, అంటే అతి సన్నని పోగుల, పొర మీద చిప్పులు అమర్చింది. 2017లో బావో బృందం ఇంకో అడుగు వేసింది. సెల్యులోజ్ పొర, ఇనుప ఎలక్ట్రోడ్లు, విడిపోయే పాలిమర్‌తో (ప్లాస్టిక్ లాంటి పదార్థంతో) వాళ్లు చేసిన సర్క్యూట్ వెనిగర్ లాంటి బలహీనమైన ఆమ్లంలో కరిగిపోతుంది.

నిజానికి మొక్కల సరుకు మనిషి చర్మం మీదికి రావడం అంతకంటే పాతది. మన మన్యంలో గిరిజనులు చెట్లకు గాటు పెట్టి సేకరించే తపసి జిగురు తడి తగిలితే ఉబ్బి పట్టుకుంటుంది. 1950లలో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో డాక్టర్ రూపర్ట్ టర్న్‌బుల్, పేగు ఆపరేషన్ అయినవాళ్ల చర్మాన్ని కాపాడేందుకు దాన్ని వాడారు. నొప్పి తగ్గించడానికి సన్నగా కరెంటు ఇచ్చే యంత్రాల ఎలక్ట్రోడ్ల కిందా అదే జిగురు ఉండేది. ఈ చరిత్ర చెప్పేటప్పుడు జిగురు సేకరించేవాళ్ల ఊసు ఎవరూ ఎత్తరు. ఎత్తాలి.

తంగేడు చెక్క సంగతీ అంతే. ఒకప్పుడు మద్రాసు నుంచి ఎగుమతైన తోళ్లను ఎక్కువగా దానితోనే శుద్ధి చేసేవారు. అందులోని టానిన్లు అనే వగరు పదార్థాలు తోలులోని కొల్లాజెన్ అనే ప్రొటీన్‌ను గట్టిగా పట్టుకుంటాయి. ప్రొటీన్లను పట్టే ఆ గుణం కోసమే ఇప్పుడు టానిన్లలో ఒకటైన టానిక్ ఆమ్లాన్ని చర్మానికి అతికే జెల్‌లలో కలుపుతున్నారు. అడయారులో 1948లో మొదలైన కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థను గుంటూరు జిల్లావాడైన యలవర్తి నాయుడమ్మ ఎన్నో ఏళ్లు నడిపారు. తోలు గురించి అంత లోతుగా తెలిసిన సంస్థ, దానికి దగ్గర్లోనే ఐఐటీ ఉన్న ఈ నగరానికి ఈ రంగం పరాయిది కాదని నా నమ్మకం.

అసలు కష్టం నీళ్లతో. సెల్యులోజ్ తేమను పీల్చి ఉబ్బుతుంది, దాంతో సెన్సర్ రీడింగ్ తప్పుతుంది. మైనం పూయడం, కలపకు గట్టిదనమిచ్చే లిగ్నిన్ కలపడం, రసాయనికంగా మార్చడం లాంటి ఉపాయాలు ఉన్నాయి. కానీ నీటిని మరీ ఆపేస్తే చెమటా పొర కిందే నిలిచిపోతుంది, మట్టిలో కలవడమూ ఆలస్యమవుతుంది. చలిదేశపు ల్యాబ్‌లో బాగా పనిచేసిన పొరను ఇక్కడి ఉక్కలో మళ్లీ పరీక్షించాల్సిందే.

ఇంకో మాట. ‘మొక్కలతో చేసినది’ అన్నప్పుడు చాలాసార్లు అడుగు పొర మాత్రమే మొక్కది. వెండి తీగలు, చిప్పు, బ్యాటరీ మామూలువే. ప్రపంచంలో 2022లో 6.2 కోట్ల టన్నుల ఈ-వ్యర్థాలు పోగైతే, పద్ధతిగా సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్క ఉన్నది 22.3 శాతమే. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న మన ఈ-వ్యర్థాల నిబంధనలు వైద్య పరికరాల కంపెనీలకూ బాధ్యత పెట్టాయి. అడుగు పొర చెట్టుదైనా దాని మీది చిప్పుకు, బ్యాటరీకి ఆ బాధ్యత తప్పకూడదు.