బొమ్మ, ఫోటో, పాట: కోనసీమలో వినబడే అపోహలు, అసలు వాస్తవాలు

అపోహ: బొమ్మలేసేవాడికి కెమెరాతో పనేంటి? ఏదో ఒకటి పట్టుకుని ఉండాలి.

వాస్తవం: ఫ్రేములో ఏది ఉంచాలి, ఏది వదిలేయాలి అన్నదే బొమ్మ గీయడం, ఫోటో తీయడం, పాట చిత్రీకరించడం అనే మూడు పనుల్లోనూ తేల్చుకోవాల్సింది. మన నరసాపురంలో పుట్టిన బాపు గారు లా చదివి, పత్రికలకు బొమ్మలేసి, 1967లో సినిమా దర్శకుడయ్యారు. షాట్లను ముందే బొమ్మలుగా గీసుకునేవారు. నేనూ పాట చేతికి రాగానే చరణాల వారీగా స్టోరీబోర్డు గీస్తాను. గొప్పకి కాదండీ, పడవ అద్దె, జనరేటర్ అద్దె తగ్గుతాయని.

అపోహ: కోనసీమలో ఎప్పుడు కెమెరా పెట్టినా పచ్చగానే ఉంటుంది.

వాస్తవం: కొబ్బరితోటల వరకూ నిజమే. చేల సంగతి వేరు. దాళ్వా (రెండో పంట) కోతలయ్యాక వేసవిలో కాలువలు కట్టేస్తారు. మే నెలలో వస్తే కనబడేది వరి కొయ్యలు, అడుగంటిన కాలువ. పచ్చటి చేను కావాలంటే ఫిబ్రవరి, మార్చి మంచివి. సార్వా (తొలి పంట) ఊడ్పులయ్యాక ఆగస్టు, సెప్టెంబరు కూడా బాగుంటాయి, కాకపోతే వానతో టెన్షన్. తోటలోనైనా మిట్టమధ్యాహ్నం మొహం మీద ఎండ మచ్చలు మచ్చలుగా పడుతుంది. పైన తెల్లగుడ్డ కట్టాలి, లేదా అందరినీ భోజనాలకి వదిలేయాలి. నేను రెండోదే చేస్తాను.

అపోహ: స్లో మోషన్ ఎడిటింగ్‌లో చూసుకోవచ్చు.

వాస్తవం: సెకనుకి 24 ఫ్రేములతో తీసింది సాగదీస్తే కదలిక తెగినట్టుంటుంది. 48తో తీసి, తెర మీద 24తో చూపాలి. అప్పుడు పెదవులు పాటకి కలవాలంటే షూటింగులో పాటని రెట్టింపు వేగంతో వినిపించాలి. ఆ కీచుగొంతుకి హీరోయిన్ గబగబా పెదవులాడిస్తుంటే గట్టు మీద నిలబడ్డ జనానికి నవ్వాగదు. తెర మీద మాత్రం పమిట నెమ్మదిగా ఎగురుతుంది, మాట సరిగ్గా కలుస్తుంది.

అపోహ: తీసినవాడిదే హక్కు.

1957 కాపీరైట్ చట్టం ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకి, వీడియోకి, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్లే మొదటి హక్కుదారులు. "మనోళ్లే కదండీ" అని కాగితం లేకుండా పనిలోకి దిగే అలవాటు మన వైపు ఎక్కువ. ఫోటో మళ్లీ ఎక్కడ వాడుకోవచ్చో అడ్వాన్సు తీసుకునే రోజే రాయించుకోండి.

అపోహ: లెన్సు బ్యాగులో ఉంటే భద్రం.

మన తేమకి లోపలి అద్దం మీద బూజు పడుతుంది. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టండి. బియ్యం డబ్బాలో పెట్టమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. వినకండి, బియ్యానికున్న పిండి అంతా జూమ్ రింగులోకి పోతుంది.