ఖాళీ భవనానికి రంగులేస్తే షెల్టరైపోదు: అపోహలు – వాస్తవాలు

నెల్లూరు, ఒంగోలు పట్టణాల్లో పాత బడుల్ని, మూతపడ్డ కల్యాణ మండపాల్ని నిరాశ్రయుల వసతికి మార్చే పనులకు సివిల్ ఇంజనీరుగా ఎస్టిమేట్లు వేస్తుంటాను. కాగితాలు పట్టుకుని ఏ ఆఫీసుకెళ్లినా, ఏ దాత ఇంటికెళ్లినా ఇవే మాటలు వినిపిస్తాయి.

అపోహ: బిల్డింగు ఎలాగూ ఉంది, వెల్ల కొట్టి మంచాలేస్తే సరి.

వాస్తవం: నేను ముందు చూసేది శ్లాబు. సముద్రపు ఉప్పుగాలి తగిలే ప్రాంతం కదా, లోపల ఇనుము తుప్పెక్కి ఉబ్బి పెచ్చులూడతాయి. సుత్తితో తట్టుకుంటూ పోయి, డొల్లగా మోగిన చోటల్లా సుద్దతో గుర్తు పెట్టుకుంటాం. తుప్పు గీకకుండా పైపైన సిమెంటు పూస్తే అది మళ్లీ ఊడి, కింద పడుకున్నవాళ్ల మీదే పడుతుంది. మన దగ్గర పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2015లోనూ 2021లోనూ నవంబరులోనే నెల్లూరు మునిగింది. అందుకే గోడ మీద పాత నీటి చార ఎంత ఎత్తున ఉందో కూడా చూడాలి.

ఆ తర్వాత నీళ్లు. బడి పొద్దున తెరిచి సాయంత్రం మూసేది. ఇక్కడ మనుషులు కాపురముంటారు. మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున 50 మందికి 6,750 లీటర్లు కావాలి. పాత సెప్టిక్ ట్యాంకు అంత భారం మోయలేదు. మరుగుదొడ్లేమో పిల్లల కొలతకు కట్టినవి. మోకాళ్లు పట్టేసిన పెద్దాయన కూర్చుంటే మళ్లీ లేవలేడు. నాలుగు కమోడ్లు, పక్కన పట్టుకోవడానికి కడ్డీలు, అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవున ర్యాంపు తప్పనిసరి. కల్యాణ మండపమైతే మరీ ఘోరం. డైనింగు హాల్లో వందల మందికి విస్తళ్లు వేయొచ్చు గానీ, స్నానాల గదులు మాత్రం పెళ్లికూతురి గదికొకటి, పెళ్లికొడుకు గదికొకటి. ఏసీ కోసమని కిటికీలు కూడా మూసేసి ఉంటారు.

అపోహ: షెల్టరంటే రాత్రి పడకే. పగలు తాళం వేసుకోవచ్చు.

వాస్తవం: నిరాశ్రయుల షెల్టర్లకు కేంద్ర ప్రభుత్వ పట్టణ జీవనోపాధి మిషన్ మార్గదర్శకాలు అడిగింది ఏడాది పొడవునా, 24 గంటలూ తెరిచి ఉండే వసతి. రాత్రంతా లారీలకు లోడెత్తిన మనిషి పడుకునేది పగలే. 2015 మే వడగాడ్పులకు ఆంధ్రాలో వెయ్యి మందికి పైగా పోయారు. ప్రకాశం బాగా దెబ్బతిన్న జిల్లాల్లో ఒకటి. అలాంటి ఎండల్లో మధ్యాహ్నం పూట గేటు మూసే షెల్టరు ఎందుకో నాకైతే అర్థం కాదు.

అపోహ: వాళ్లు రోడ్డుకి అలవాటు పడ్డారు, పిలిచినా రారు.

వాస్తవం: పిలిస్తే ముందు అడిగేది మంచం సంగతి కాదు. "నా రిక్షా యాడ బెట్టేది సార్?" అంటాడొకాయన. ఆ రిక్షా పోతే ఆయన బతుకుదెరువే పోయినట్టు. చిత్తుకాగితాలు ఏరే ఆమెకు అమ్మాల్సిన మూట ఉంటుంది. ముసలి దంపతులేమో చెరో హాల్లో పడుకోమంటే మళ్లీ ప్లాట్‌ఫారానికే పోతారు. అందుకే నా ప్లానులో గేటు లోపల బండ్లకు రేకుల షెడ్డు, తాళం పడే పెట్టెలు, బట్టలుతికే బండ, ఆరేసుకోవడానికి తీగలు, కుటుంబాలకు రెండు మూడు చిన్న గదులు ఉంటాయి. బిల్లు తగ్గించాలన్నప్పుడు అందరి చెయ్యీ ముందు పడేది వీటి మీదే. నేను మాత్రం టైల్స్ ఖర్చు కొట్టేయమంటాను.

ఇంకో సంగతి, చోటు. ఊరి బయట విశాలంగా ఉందని మురిసిపోకండి. రైల్వే స్టేషను, బస్టాండు, పెద్దాసుపత్రి, గుడి చుట్టూ పడుకునేవాళ్లకు కూలి దొరికేదీ అక్కడే, పూటకు 5 రూపాయల అన్న క్యాంటీన్ ఉండేదీ ఊళ్లోనే. ఆటోకి డబ్బులు పెట్టుకుని వచ్చి పడుకోమంటే ఎవరొస్తారు?

అపోహ: ఆధార్ లేకపోతే చేర్చుకోకూడదు.

వాస్తవం: తలకిందులు వాదన. ఆధార్, రేషన్ కార్డు, పింఛను ఇప్పించడం షెల్టరు చేయాల్సిన పనుల్లోనే ఉంది. గుర్తింపు పొందిన షెల్టరు అధిపతి నిర్ణీత నమూనాలో ఇచ్చే సర్టిఫికెట్ ఆధార్ కేంద్రంలో చిరునామాకు రుజువుగా చెల్లుతుంది. ఆ ఒక్క కాగితంతో నెలకు 4,000 రూపాయల వృద్ధాప్య పింఛనుకు దారి పడొచ్చు. అందుకే గేటు పక్కన బీరువా, టేబులు పట్టే చిన్న ఆఫీసు గది కూడా ఎస్టిమేటులో రాస్తాను.

అపోహ: మతిస్థిమితం లేనివాళ్లని తెచ్చి ఇక్కడ దింపేయొచ్చు.

వాస్తవం: కుదరదు. అలా తిరుగుతున్నవారిని రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోపు ప్రభుత్వాసుపత్రిలో చూపించాలని 2017 మానసిక ఆరోగ్య చట్టం సెక్షన్ 100 పోలీసులకు చెబుతోంది. చికిత్స తర్వాత వస్తే చోటిద్దాం.

అపోహ: ఊరికి ఒకటుంటే చాలు.

వాస్తవం: లక్ష జనాభాకు కనీసం 100 మందికి వసతి ఉండాలన్నది ఆ మిషన్ మార్గదర్శకాల నియమం. 2011 లెక్కల్లో నెల్లూరు జనాభా దాదాపు 5 లక్షలు. అంటే 500 మందికి. మనిషికి 50 చదరపు అడుగుల చొప్పున 25,000 చదరపు అడుగులు. అంత చోటు ఒక్క భవనంలో వెతక్కండి, నాలుగైదు చోట్ల చిన్నవి చూడండి. ప్రతిదానికీ ఒక మేనేజరు, మూడు షిఫ్టులకు ముగ్గురు కేర్‌టేకర్లు కావాలి. వాళ్ల జీతం, కరెంటు బిల్లు ఏ పద్దు నుంచి వస్తాయో మున్సిపల్ కౌన్సిల్ తీర్మానంలోనే రాయించుకోండి. అది తేలకముందు కాంట్రాక్టరును పిలవొద్దు.