ఫ్యామిలీ కోర్టులో తేలాక మళ్లీ సివిల్ దావా వేయొచ్చా?

విడాకుల డిక్రీ చేతికొచ్చిన కొన్నాళ్లకు నగల గురించో, కలిసి కొన్న ఫ్లాట్ గురించో ఇంకో దావా పడుతుంది. అవతలి లాయర్ జవాబులో ముందుగా రాసేది ఒకటే: ఇది రెస్ జుడికేటా, దావా చెల్లదు. తెలుగులో పూర్వన్యాయం అనే మాట ఉంది గానీ కోర్టు వరండాల్లో అది పెద్దగా వినిపించదు. ఒకసారి తేలిన అంశాన్ని అవే పక్షాలు మళ్లీ తోడకూడదని దాని సారం.

ఈ వాదన ఇవాళ్టిది కాదు. ఇంగ్లండులో ఎలిజబెత్ చడ్లీ అనే ఆవిడ 1744లో ఆగస్టస్ హార్వీని రహస్యంగా పెళ్లి చేసుకుంది. 1769లో చర్చి కోర్టుకు వెళ్లి, ఆ పెళ్లే లేదన్నట్టు తీర్పు తెచ్చుకుని, అదే ఏడాది కింగ్‌స్టన్ డ్యూక్‌ను పెళ్లాడింది. డ్యూక్ పోయాక, భర్త ఉండగా మళ్లీ పెళ్లి చేసుకుందని ఆవిడ మీద కేసు నడిచింది. 1776లో ప్రభువుల సభ ముందు ఆవిడ ఆ పాత తీర్పునే అడ్డం పెట్టుకుంది. జడ్జీలు ఒప్పుకోలేదు. ఆ తీర్పు క్రిమినల్ కేసుకు అడ్డు రాదన్నారు. పైగా ఇద్దరూ కూడబలుక్కుని మోసంతో తెచ్చుకున్నదని రుజువైతే అసలు నిలవదన్నారు. ఈ మోసం మినహాయింపు 1872 నాటి మన సాక్ష్య చట్టంలో 44వ సెక్షన్‌గా కనిపించేది; ఆ చట్టం స్థానంలో 2024లో కొత్తది వచ్చింది.

మన దగ్గర 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని 11వ సెక్షన్ దీనికి ఆధారం. అందులో ఒక షరతు ఉంది: రెండో దావాను విచారించే అధికారం మొదటి కోర్టుకూ ఉండాలి. దాంతో మున్సిఫ్ కోర్టులో ఓడినవాళ్లు పెద్ద విలువతో సబ్ కోర్టులో దావా వేసి, అదే హక్కు మీద మళ్లీ వాదించే సందు ఉండేది. 1976 సవరణలో 8వ వివరణ చేర్చి ఆ సందు మూశారు. కోర్టు అధికారం పరిమితమైనదే అయినా, తన పరిధిలోని అంశాన్ని తేల్చేస్తే తర్వాతి దావాలోనూ అదే ఖాయం.

1984లో ఫ్యామిలీ కోర్టుల చట్టం వచ్చింది. పెళ్లి చెల్లుబాటు, భార్యాభర్తల ఆస్తి, మనోవర్తి దాని పరిధిలోకి వెళ్లాయి. ఫ్యామిలీ కోర్టు ఉన్నచోట వీటిని మామూలు సివిల్ కోర్టు చూడకూడదని 8వ సెక్షన్ చెబుతుంది. విడాకులయ్యాక వచ్చే ఆస్తి తగాదా కూడా ఫ్యామిలీ కోర్టుదేనని సుప్రీంకోర్టు 2003లో తేల్చింది. అందుకే కొన్ని దావాలు రెస్ జుడికేటా దాకా రాకుండానే, తప్పు గుమ్మం తొక్కినందుకు వెనక్కి వస్తాయి.

అసలు మెలిక ఎక్కడుందంటే, పాత ఫైలులో ఏ ఇష్యూ (కోర్టు తేల్చాలని రాసుకున్న ప్రశ్న) మీద తీర్పు వచ్చిందన్న దగ్గర. విడాకుల పిటిషన్‌లో నగల ఊసు క్రూరత్వానికి ఉదాహరణగా ఒక పేరాలో వచ్చిందనుకోండి. జడ్జి దాని మీద ఇష్యూ వేయలేదు, ఏమీ తేల్చలేదు. ఆ తీర్పు చూపించి నగల దావాను ఆపడం కష్టం. అదే నగలు తిరిగి ఇప్పించమని అక్కడే అడిగి ఉంటే, తీర్పులో దాని ప్రస్తావన లేకపోయినా కాదన్నట్టే లెక్క. ఆ ఒక్క వాక్యం ప్రార్థనలో, అంటే పిటిషన్ చివర కోర్టును కోరే భాగంలో, ఉందా లేదా అన్నదాని మీదే తర్వాతి దావా బతుకుతుంది.

మనోవర్తి సంగతి వేరు. 2024 దాకా అమల్లో ఉన్న క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 125వ సెక్షన్ కింద జరిగింది క్లుప్త విచారణ, హక్కులు అక్కడ శాశ్వతంగా తేలేవి కావు. కర్ణాటక కేసు ఒకదానిలో భార్య 8,000 రూపాయలు ఒకేసారి తీసుకుని రాజీపడింది. తర్వాత హిందూ దత్తత, మనోవర్తి చట్టం కింద దావా వేసింది. పాత రాజీ దానికి అడ్డు కాదని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. 8,000తో జీవితాంతం సర్దుకోమనడం ఎవరికైనా ఎబ్బెట్టుగానే ఉంటుంది.

చడ్లీ కథ లాంటిదే మన తెలుగువాళ్లకూ ఉంది. 1975లో తిరుపతిలో పెళ్లయిన భర్త, అమెరికాలోని మిస్సోరీ కోర్టులో 90 రోజుల నివాసం చూపించి విడాకుల డిక్రీ తెచ్చుకున్నాడు. ఇక్కడ మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య కేసు పెడితే ఆ డిక్రీ చూపించాడు. హిందూ వివాహ చట్టంలో లేని కారణంతో, అధికారం లేని కోర్టు ఇచ్చిన ఆ డిక్రీకి ఇక్కడ గుర్తింపు లేదని 1991లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇంతకీ ఆయన దాఖలు చేసింది డిక్రీ ఫొటోస్టాట్ కాపీ. అది సాక్ష్యంగా కూడా చెల్లదంది కోర్టు.