పాత మియాటాకు మెగాస్క్విర్ట్ పెట్టిన పిల్లలకు

చిరంజీవులకు ఆశీస్సులు.

టెక్సస్‌లో చదువుకుంటూ 1.6 లీటర్ల పాత మాజ్డా మియాటా కొన్నామనీ, దానికి టర్బో బిగించి, కంపెనీ ఈసీయూ (ఇంజిన్ని నడిపించే కంప్యూటర్) తీసేసి, మన చేత్తో ట్యూన్ చేసుకునే మెగాస్క్విర్ట్ ఈసీయూ పెట్టామనీ, ట్యూనింగ్ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదనీ రాశారు. మీతోపాటు నేర్చుకుంటున్న మిగతా పిల్లలకు కూడా పనికొస్తుందని కాస్త విడమరిచి రాస్తున్నాను.

కంపెనీవాళ్లు ఈ బండికి గాలి కొలవడానికి రెక్క ఉన్న ఎయిర్‌ఫ్లో మీటర్ పెట్టారు. మీరు దాన్ని పీకేశారు. ఇప్పుడు మీ ఈసీయూ గాలిని కొలవదు, లెక్క కడుతుంది. మ్యానిఫోల్డులో ఒత్తిడి, గాలి వేడి, సిలిండర్ కొలత తెలిస్తే ఒక్కో సిలిండర్లోకి ఎంత బరువు గాలి దిగిందో ఇంటర్మీడియట్‌లో చదివిన గ్యాస్ సమీకరణమే చెబుతుంది. సిలిండర్ పూర్తిగా నిండదు గనక దానికి ఒక శాతం వేస్తాం. అదే వీఈ (వాల్యూమెట్రిక్ ఎఫిషియెన్సీ). ఆర్‌పీఎం ఒక పక్క, ఒత్తిడి ఒక పక్క ఉన్న టేబుల్లో గడిగడికీ మీకు కనబడే అంకెలన్నీ అవే.

ఒకసారి చేత్తో లెక్క వేసి చూడండి. 1597 సీసీని నాలుగుతో భాగిస్తే సిలిండరుకు 399 సీసీ. 100 కిలోపాస్కల్స్ ఒత్తిడి, 25 డిగ్రీల గాలి అయితే అందులో పట్టేది 467 మిల్లీగ్రాముల గాలి. ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి లెక్కన దానికి 32 మిల్లీగ్రాముల పెట్రోలు కావాలి. బండితో వచ్చిన ఇంజెక్టర్లు నిమిషానికి 210 సీసీ వరకు పోస్తాయి, అంటే మిల్లీసెకనుకు 2.6 మిల్లీగ్రాములు. కాబట్టి సుమారు 12 మిల్లీసెకన్లు. ట్యూనింగ్ సాఫ్ట్‌వేర్ ట్యూనర్‌స్టూడియోలో 'రిక్వైర్డ్ ఫ్యూయల్' అని అడిగేది ఈ అంకెనే. సీసీ, ఇంజెక్టర్ సైజు ఇస్తే సాఫ్ట్‌వేరే లెక్క కట్టి పెడుతుంది గానీ, అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకుండా ముందుకు వెళ్లొద్దు.

ఇప్పుడు బూస్టులో, అంటే టర్బో గాలిని వాతావరణ పీడనం కన్నా ఎక్కువగా కూరినప్పుడు చూద్దాం. 150 కిలోపాస్కల్స్, గాలి 40 డిగ్రీలు, వీఈ 90 అనుకోండి. గాలి 600 మిల్లీగ్రాములు. బూస్టులో 11.5 పాళ్లు పెట్టుకుంటే పెట్రోలు 52 మిల్లీగ్రాములు, పాత ఇంజెక్టరుతో 20 మిల్లీసెకన్లు. కానీ 7000 ఆర్‌పీఎం దగ్గర ఇంజిన్ రెండు చుట్లు తిరగడానికి పట్టే సమయమే 17 మిల్లీసెకన్లు! ఇంజెక్టర్ అసలు మూసుకోకుండా పోసినా చాలదు. అదే 440 సీసీ ఇంజెక్టర్ అయితే పది, పదకొండు మిల్లీసెకన్లలో పని అయిపోతుంది, డ్యూటీ (రెండు చుట్ల సమయంలో ఇంజెక్టర్ తెరిచి ఉండే వంతు) 62 శాతం దగ్గర ఆగుతుంది. 85 దాటనివ్వకండి. ఇంజెక్టర్లు మార్చకుండా టేబుల్లో అంకెలు పెంచుకుంటూ పోతే అవి కాకి లెక్కలే. స్క్రీన్ మీద ఎంత కనబడినా సిలిండర్లోకి అంత పెట్రోలు వెళ్లదు.

పెద్ద ఇంజెక్టరుతో తంటా ఐడ్లింగులో వస్తుంది. కరెంటు ఇచ్చాక ఇంజెక్టర్ తెరుచుకోవడానికి ఒక మిల్లీసెకను దాకా పడుతుంది. దాన్ని డెడ్ టైమ్ అంటారు. 440 సీసీ ఇంజెక్టరుతో ఐడ్లింగులో ఇంజెక్టరుకు కరెంటు ఇచ్చే మొత్తం పల్సే రెండు మిల్లీసెకన్లు, అంటే సగం డెడ్ టైమే. బ్యాటరీ వోల్టేజీ తగ్గితే డెడ్ టైమ్ పెరుగుతుంది. హెడ్‌లైట్లు వేసినప్పుడో రేడియేటర్ ఫ్యాన్ తిరిగినప్పుడో మిశ్రమం పలచబడి (గాలికి తగ్గ పెట్రోలు అందక) ఇంజిన్ నీరసపడుతుంటే వీఈ జోలికి పోకండి, డెడ్ టైమ్ వోల్టేజీ టేబుల్ తప్పుగా ఉంది. ఆ అంకెలు ఇంజెక్టర్ అమ్మినవాళ్ల దగ్గర తీసుకోవాలి, ఊహించకూడదు.

ఇంజిన్ స్టార్ట్ చెయ్యకముందే చూసుకోవాల్సినవి ఉన్నాయి. పొద్దున్నే, రాత్రంతా చల్లబడిన బండికి తాళం తిప్పి ఆన్‌లో పెట్టి ల్యాప్‌టాప్ చూడండి. కూలెంట్ వేడి, గాలి వేడి రెండూ రెండు మూడు డిగ్రీల తేడాలో ఉండాలి. ఒకటి 22, ఇంకొకటి 41 చూపిస్తే ఏదో ఒక సెన్సర్ క్యాలిబ్రేషన్ తప్పు. మ్యానిఫోల్డు ఒత్తిడి కొలిచే మ్యాప్ సెన్సర్ ఆ ఊరి వాతావరణ పీడనం చూపించాలి. సముద్రమట్టానికి దగ్గరైన హ్యూస్టన్‌లో 101 కిలోపాస్కల్స్ దగ్గర, మన హైదరాబాద్ ఎత్తులో అయితే 95 దగ్గర ఉంటుంది. మ్యాప్ గొట్టాన్ని నాలుగు సిలిండర్లకూ ఉమ్మడిగా ఉన్న ప్లీనం నుంచి తీసుకోండి, ఒక్క సిలిండరుకు వెళ్లే రన్నర్ నుంచి తీస్తే అంకె ఎగిరెగిరి పడుతుంది.

తాళం ఆన్‌లో ఉండి ఇంజిన్ తిరగనప్పుడు ఇగ్నిషన్ కాయిల్ని ముట్టుకుని చూడండి. వేడెక్కుతుంటే వెంటనే ఫ్యూజు పీకండి. స్పార్క్ అవుట్‌పుట్ తలకిందులుగా పెట్టారన్నమాట. కాయిల్ నిరంతరం చార్జ్ అవుతూ అదో, దాన్ని నడిపే ఇగ్నైటరో కాలిపోతుంది. కొత్తవాళ్లు బాగా డబ్బు తగలేసుకునేది ఇక్కడే.

తర్వాత టైమింగ్, అంటే పిస్టన్ పైకి చేరడానికి ఎన్ని డిగ్రీల ముందు స్పార్క్ కొడుతోందన్నది. దాన్ని చూసేది టైమింగ్ లైటుతో. ట్యూనర్‌స్టూడియోలో టైమింగుని 10 డిగ్రీల దగ్గర లాక్ చేసి, పుల్లీ గుర్తు కవరు మీది 10 గీతకు ఎదురుగా వస్తోందో లేదో చూడండి. రాకపోతే సాఫ్ట్‌వేర్లో ఇంజిన్ స్థానాన్ని సరిదిద్దే ట్రిగ్గర్ ఆఫ్‌సెట్ మార్చండి. ఐడ్లింగులో సరిపోయాక 3500 దగ్గరా చూడాలి, గుర్తు జరగకూడదు. ఈ బండిది వేస్టెడ్ స్పార్క్ (ఒక్కో ప్లగ్గు రెండు చుట్లకు రెండుసార్లు మెరుస్తుంది) గనక డయల్ ఉన్న టైమింగ్ లైట్లు కొన్ని తికమకపడి రెట్టింపు చూపిస్తాయి. డయల్ సున్నాలో పెట్టి గీతనే నమ్మండి. ఈ పని ఎగ్గొట్టి స్పార్క్ టేబుల్లో 20 అని రాస్తే ఇంజిన్లో జరిగేది 28 కావచ్చు. అలా ఎన్ని పిస్టన్లు పగిలాయో!

పొగగొట్టంలో ఆక్సిజన్ కొలిచి గాలి, పెట్రోలు పాళ్లు చెప్పే వైడ్‌బ్యాండ్ సెన్సర్ గురించి మాత్రం ఓపిగ్గా చదవండి, మీ ట్యూనింగంతా దాని మాట మీదే నడుస్తుంది. టర్బో తర్వాత, పైపు పైభాగంలో, అడ్డంగా కాకుండా కనీసం పది డిగ్రీలైనా పైకి వాలి ఉండేలా బిగించండి. పైపులో పేరుకునే నీటి చుక్క వేడి సెన్సర్ మీద పడితే లోపలి సిరామిక్ చిట్లుతుంది. ఇంజిన్ నడుస్తుండగా సెన్సరుకు కరెంటు లేకుండా వదిలేస్తే మసి పట్టి చస్తుంది. ఈసీయూకి అనలాగ్ తీగతో కలుపుతుంటే వైడ్‌బ్యాండ్ కంట్రోలర్ ఎర్తునీ, ఈసీయూ సెన్సర్ ఎర్తునీ ఒకే చోట బిగించండి. 0 నుంచి 5 వోల్టులకు 10 నుంచి 20 దాకా చూపించే కంట్రోలర్లో ఎర్తు తేడా 0.1 వోల్టు ఉంటే చాలు, రీడింగు 0.2 తప్పుతుంది. గేజీ మీదా, ల్యాప్‌టాప్ మీదా ఒకే అంకె రావాలి. రాకపోతే ఆ రోజుకి ట్యూనింగ్ లేదు, వైరింగే.

అంకెలు ల్యాంబ్డాలో చదవడం అలవాటు చేసుకోండి. పాత బియ్యానికీ కొత్త బియ్యానికీ ఒకే ఎసరు పెట్టం కదా! అచ్చమైన పెట్రోలుకు 14.7 సరిపాళ్లు, అక్కడి పంపుల్లో దొరికే పది శాతం ఇథనాల్ పెట్రోలుకు 14.1 దగ్గర. ఏదైనా సరిపాళ్లకు ల్యాంబ్డా 1.0 అనే అంటాం. ఐడ్లింగుకీ, నిలకడగా నడపడానికీ 1.0 దగ్గర, బూస్టు లేకుండా పూర్తిగా తొక్కినప్పుడు 0.87, బూస్టులో 0.78 నుంచి 0.80 పెట్టుకుంటే మొదలుపెట్టడానికి చాలు.

ఇక వీఈ టేబుల్. కూలెంట్ 80 డిగ్రీలు దాటాక, వామప్ ఎన్‌రిచ్‌మెంట్ (చల్లటి ఇంజిన్‌కు ఇచ్చే అదనపు పెట్రోలు) 100 శాతం, అంటే ఏమీ కలపనట్టు చూపిస్తుండగా మొదలుపెట్టండి. ఆక్సిజన్ సెన్సర్ చూసి ఈసీయూ తనంతట చేసే ఆక్సిజన్ కరెక్షన్ ఆపేయండి, లేకపోతే మీరొకటి సరిచేస్తుంటే అదొకటి సరిచేస్తుంది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు పెట్రోలు పెంచే యాక్సిలరేషన్ ఎన్‌రిచ్‌మెంట్ కూడా ఆపండి. ఇంజిన్ని ఒక గడి దగ్గర నిలకడగా పట్టి, రీడింగు కుదుటపడ్డాక పాత వీఈని వచ్చిన అంకెతో గుణించి, కావాల్సిన అంకెతో భాగించండి. గడిలో 62 ఉంది, రావాల్సింది 14.0 పాళ్లు, వచ్చింది 15.4 అయితే కొత్త వీఈ 68. ఆ గడి ఒక్కటే మార్చి ఊరుకోకండి. ఈసీయూ ఎప్పుడూ నాలుగు పక్క గడుల మధ్య సర్దుకుని లెక్క కడుతుంది. త్రీడీ బొమ్మ చూసుకోండి, కొండ వాలులా సాఫీగా ఉండాలి. మధ్యలో ఒక మేకు పొడుచుకొస్తే అక్కడ ఇంజిన్ది కాదు తప్పు, మీ కొలతది.

ఆటోట్యూన్ (సాఫ్ట్‌వేరే టేబుల్ సరిచేసే సదుపాయం) వాడొచ్చా అని అడిగారు. వాడండి, కానీ కాపలా కాయండి. గుడ్డెద్దు చేలో పడ్డట్టు నడుపుతూ దాన్ని వదిలేస్తే గేరు మార్చిన క్షణాలూ, యాక్సిలరేటర్ వదిలిన క్షణాలూ అన్నీ టేబుల్లోకి ఎక్కిస్తుంది. ఇంకో పెద్ద మోసం ఉంది. ఇంజిన్ మిస్సింగ్ ఇస్తుంటే కాలని ఆక్సిజన్ పైపులోకి వస్తుంది, సెన్సర్ కొలిచేది ఆక్సిజన్నే గనక మిశ్రమం పలచగా ఉందని చెబుతుంది. ఆటోట్యూన్ పెట్రోలు పెంచుతుంది, ప్లగ్గులు తడిసి మిస్సింగ్ ఇంకా ఎక్కువవుతుంది, మళ్లీ పెంచుతుంది. ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డు గాస్కెట్ దగ్గర లీకున్నా ఐడ్లింగులో ఇదే కథ. బూస్టులో మిస్సింగ్ మొదలైతే ముందు ప్లగ్గు గ్యాప్ చూడండి. బండితో వచ్చిన 1.1 మిల్లీమీటర్లు టర్బోకి ఎక్కువ, 0.7కి దించండి.

చలి స్టార్టింగు ట్యూనింగుకి రోజుకు ఒక్కటే అవకాశం. పొద్దున సెల్ఫు కొట్టగానే అందుకుందా, అందుకుని ఆగిపోయిందా రాసుకోవాలి. ఒక్క మార్పు చేసి, మళ్లీ రేపు పొద్దున. దీనికి రెండు వారాలు పడితే తొందరగా అయినట్టే. యాక్సిలరేటర్ టక్కున తొక్కితే వచ్చే తడబాటు సంగతి వీఈ పూర్తయ్యాకే చూడండి.

స్పార్క్ టేబుల్ విషయంలో మీరు పిరికివాళ్లుగా ఉంటేనే నాకు ఇష్టం. టైమింగ్ ముందుకు జరిపే కొద్దీ బలం పెరిగి, ఒక చోట ఆగుతుంది. బూస్టులో ఆ చోటికి చేరకముందే నాక్, అంటే మిశ్రమం తనంతట తాను పేలడం, వస్తుంది. 100 కిలోపాస్కల్స్ దగ్గర ఉన్న అంకె నుంచి ప్రతి 7 కిలోపాస్కల్స్ బూస్టుకూ ఒక డిగ్రీ చొప్పున తగ్గించి, దాని మీద మరో రెండు డిగ్రీలు తగ్గించి మొదలుపెట్టండి. 4000 ఆర్‌పీఎం దగ్గర 24 డిగ్రీలు ఉంటే, 150 కిలోపాస్కల్స్ గడిలో 17 కాదు 15 రాయండి. 78 మిల్లీమీటర్ల బోరు గనక మీ ఇంజిన్లో నాక్ 7.3 కిలోహెర్ట్‌జ్ దగ్గర మోగుతుంది. బ్లాకుకు బిగించిన మైకుకి హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే గులకరాయి రేకు డబ్బాలో పడ్డట్టు వినిపిస్తుంది. ప్లగ్గు పింగాణీ మీద మిరియపు పొడి చల్లినట్టు చుక్కలు కనబడినా, మెరిసే అల్యూమినియం రవ్వలు కనబడినా బూస్టు వెయ్యడం ఆపేయండి. అక్కడి పంపు మీద ఆక్టేన్ (పెట్రోలు నాక్‌ని తట్టుకునే శక్తి) 93 అని ఉంటే అది మన లెక్కలో 93 కాదు. వాళ్లు రెండు పద్ధతుల సగటు రాస్తారు, మనం రాన్ (రీసెర్చ్ ఆక్టేన్ నంబర్) ఒక్కటే రాస్తాం. వాళ్ల 93 మన లెక్కలో 98కి దగ్గర. ఇక్కడి స్నేహితుల టేబుల్ తెచ్చి వేసుకునే ముందు, మీది వాళ్లకు పంపే ముందు ఇది గుర్తుండాలి.

కోయంబత్తూరు కారీ ట్రాక్ మీద జరిగే విద్యార్థుల రేసు కార్ల పోటీ ఫార్ములా భారత్‌కి కారు కట్టే మన ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలకు ఒక మాట. మీది ఒక్క సిలిండర్ బైకు ఇంజిన్ అయితే మ్యాప్ అంకె ప్రతి సక్షన్‌కీ ఊగిపోతుంది. తక్కువ స్పీడులో థ్రాటిల్ కోణం మీద నడిచే ఆల్ఫా-ఎన్ టేబుల్తో మొదలుపెట్టడం సుఖం.

బూస్టు వెయ్యకముందే బూస్టు హద్దు దాటితే ఇంజిన్ని ఆపే ఓవర్‌బూస్ట్ కట్ 170 కిలోపాస్కల్స్ దగ్గర, రెవ్ లిమిట్ 7000 ఆర్‌పీఎం దగ్గర పెట్టి, అవి నిజంగా పనిచేస్తున్నాయో లేదో తక్కువ అంకెలు వేసి పరీక్షించండి. టర్బో బూస్టుని అదుపు చేసే వేస్ట్‌గేట్ గొట్టం ఊడితే బూస్టుకి హద్దుండదు, అప్పుడు ఆపేది ఈ కట్ ఒక్కటే. నడిపేవాళ్లు నడపాలి, ల్యాప్‌టాప్ చూసేవాళ్లు చూడాలి. ఒక్కరే రెండూ చెయ్యకూడదు. పూర్తి లోడు గడులు డైనో (బండిని ఉన్నచోటే నడిపి బలం కొలిచే యంత్రం) మీదో ట్రాక్ మీదో చెయ్యండి. రోడ్డు బండికి పొగను శుద్ధి చేసే క్యాటలిస్ట్ పీకడం అక్కడ చట్టవిరుద్ధం, ఎవరు చెప్పినా వినకండి.

ప్రతి మార్పుకీ ఫైలు వేరే పేరుతో దాచుకోండి, పేరులో తేదీ, మార్చింది ఏమిటో ఉండాలి. మొదటి లాగ్ (ఈసీయూ అంకెల రికార్డు) తీశాక నాకు పంపండి. ఆర్‌పీఎం, మ్యాప్, థ్రాటిల్, కూలెంట్, గాలి వేడి, బ్యాటరీ వోల్టేజీ, ల్యాంబ్డా, పల్స్‌విడ్త్, డ్యూటీ, టైమింగ్ అందులో ఉండాలి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పటి నుంచి వేడెక్కేదాకా, మధ్యలో ఫ్యాన్ రెండుసార్లు తిరిగేదాకా తీయండి. ఫైలుతోపాటు ప్లగ్గుల ఫోటో కూడా, నాలుగూ వరసగా పెట్టి.

ఉంటాను.