మంగళగిరి దగ్గరే కారు ఎందుకు ఆగుతుంది?

మా బాబాయికి 1986 మోడల్ పద్మిని ఉంది. ఇల్లు గుంటూరు బ్రాడీపేటలో, నెలకోసారి విజయవాడ మా ఇంటికి ఆ కారులోనే వస్తాడు. పోయిన ఎండాకాలం నుంచి ఒకటే కంప్లయింటు: ఇరవై కిలోమీటర్లు బానే వచ్చి, మంగళగిరి రాగానే రెండు దగ్గులు దగ్గి ఆగిపోద్ది. అరగంట చెట్టుకింద పెడితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుద్ది. పానకాలస్వామి మొక్కు బాకీ ఉంది, అందుకే అని పిన్ని తేల్చేసింది. ఒక షెడ్డువాళ్ళు ఇంకోలా తేల్చారు. పెట్రోల్ పంపు మార్చారు, మళ్ళీ ఆగింది. కార్బురేటర్ కిట్టు వేశారు, ఆగింది. కాయిల్ కూడా కొత్తదే, అయినా మంగళగిరి మంగళగిరే. తొమ్మిది వేలు వదిలాక నాకు ఫోన్ చేసి "ఒరేయ్ ఫిజిక్స్ మాస్టారూ, నువ్వేం చెప్తావురా" అన్నాడు.

నిజం చెప్పాలంటే షెడ్డువాళ్ళ మాటకన్నా పిన్ని మాటే నాకు నచ్చింది, ఎందుకంటే దాన్ని టెస్ట్ చేయొచ్చు. "బాబాయ్, మా ఇంటినుంచి తిరిగెళ్ళేటప్పుడు ఎక్కడ ఆగుతోంది?" అన్నా. మాకు మంగళగిరి పన్నెండు పదమూడు కిలోమీటర్లే, స్వామి మహిమైతే అక్కడే ఆగాలిగా. కాసేపు ఆలోచించి "అటెళ్ళేటప్పుడు మంగళగిరి దాటేస్తదిరా, కాజ టోల్‌గేట్ అవతల ఆగుద్ది" అన్నాడు. అంటే ఊరుకాదు, టైము. బానెట్ కింద వేడి బాగా పట్టడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు.

వేడికి ఆగే పాత కారులో ముందు అనుమానించాల్సినవి రెండు, పెట్రోలు, కరెంటు. పెట్రోలు సంగతి అందరికీ తెలిసిందే, పద్మినిలో పంపు ఇంజన్‌కే బిగించి ఉంటుంది, మే నెల వేడికి లోపల పెట్రోలు ఆవిరైపోయి బుడగలు పడతాయి, పంపు బుడగల్ని లాగలేదు. తడిగుడ్డ కప్పితే చల్లబడి స్టార్టవుద్ది, పాత టాక్సీ డ్రైవర్లందరికీ వచ్చిన వైద్యమే ఇది. నాకు అసలు మోజు రెండోదాని మీద.

అపార్ట్‌మెంట్లో కుళాయి ధారగా పోతున్నప్పుడు టక్కున కట్టేయండి, పైపు ధన్‌మని అదురుతుంది. పారే నీళ్ళకి ఆగడం ఇష్టం ఉండదు, ఆ ఊపంతా ఒక్కసారిగా ప్రెజర్ అవుతుంది. నెమ్మదిగా తిప్పి కడితే చప్పుడే ఉండదు. మన కారులో పెట్రోలుని అంటించే స్పార్కు ఆ అదురే. పైపు బదులు కాయిల్, అంటే రాగితీగ చుట్ట, కుళాయి బదులు ప్లగ్గులకి వంతులవారీగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్లో ఉండే పాయింట్లు, అంటే అతుక్కుని విడిపోయే రెండు లోహపు బిళ్ళలు (కాకపోతే ఉల్టా, పాయింట్లు అతుక్కుంటే కరెంటు పారుతుంది, విడిపోతే ఆగుతుంది). కాయిల్లో 12 వోల్టులతో మూడు నాలుగు ఆంపియర్లు పారుతుంటాయి, పాయింట్లు విడిపోగానే ఆ ఊపు కొట్టే దెబ్బకి ప్లగ్గు దగ్గర వేల వోల్టులు పుడతాయి. నాలుగు సిలిండర్ల ఇంజన్ 3000 ఆర్‌పీఎం తిరిగితే సెకనుకి 100 సార్లు ఇలా కుళాయి కట్టాలి! 1910 ప్రాంతంలో అమెరికా ఇంజనీరు చార్లెస్ కెటరింగ్ పెట్టిన పద్ధతి ఇది, ఆయన కంపెనీ పేరు డెల్కో, అందుకే మన మెకానిక్‌లు ఇప్పటికీ డిస్ట్రిబ్యూటర్‌ని డెల్కో అనే అంటారు.

ఇక్కడొక చిక్కుంది. పాయింట్లు వెంట్రుకవాసి విడిపోగానే కరెంటు ఆ సందులోంచి మెరుపులా దూకేస్తుంది, అంటే కుళాయి నెమ్మదిగా కట్టినట్టే, అదురు పోయింది. అందుకని కుళాయి పక్కన ఒక చిన్న బెలూన్ కట్టారనుకోండి. కట్టే క్షణంలో నీళ్ళు సందులోంచి జారకుండా బెలూన్‌లోకి పోతాయి, ఈలోపు కుళాయి పూర్తిగా బిగుసుకుంటుంది, బెలూన్ నిండగానే వెనక్కి తంతుంది. ఆ బెలూనే కండెన్సర్, బొటనవేలంత ఉంటుంది, 0.2 మైక్రోఫారడ్ అటూఇటూ. బెలూన్ మరీ పెద్దదైతే అదురంతా మింగేస్తుంది, చిన్నదైతే కుళాయి వాషర్ అరుగుతుంది, పాయింట్ల మీద ఒకవైపు గుంటా ఇంకోవైపు గుట్టా లేస్తాయి. మన ఇంటర్ కాలేజీల్లో దీన్నే సి ఈక్వల్స్ క్యూ బై వి అని బట్టీ పట్టించి వంద బిట్లు చేయిస్తాం, ఒక్క పిల్లాడి చేతిలో కూడా కండెన్సర్ పెట్టం, నేనూ పెట్టలేదు లెండి.

కిందటి ఆదివారం గుంటూరెళ్ళి వాళ్ళతోనే బయల్దేరా, జేబులో పాత కండెన్సర్ ఒకటి, దానికి క్లిప్పుల వైర్లు. మంగళగిరి రాగానే ఆగింది. ముందు పంపు మీద తడిగుడ్డ, లాభం లేదు. తర్వాత ఒక ప్లగ్గు వైరు లాగి, ప్లాస్టిక్ పిడి పట్టకారుతో పట్టుకుని (ఉత్త చేత్తో వద్దు, పెట్రోలు కారే చోట అసలొద్దు) ఇంజన్ బాడీకి దగ్గరగా పెట్టి బాబాయిని సెల్ఫ్ కొట్టమన్నా. నీలంగా టక్ టక్ మనాల్సింది, పసుప్పచ్చగా సన్నగా ఒకటి వచ్చింది, రెండు రాలేదు. అంటే పెట్రోలు కాదు. డెల్కో మూత తీస్తే ప్లగ్గు దగ్గర లేని నిప్పంతా పాయింట్ల మధ్య లావుగా మెరుస్తోంది. బెలూన్ మెడ ఊడింది, వేడికి లోపలి అతుకు విడిపోతోందన్నమాట. చల్లారితే మళ్ళీ అంటుకుంటుంది, అందుకే షెడ్డులో మీటర్ పెడితే అంతా బానే చూపించి ఉంటుంది. (అతుకు ఊడటం కాకుండా లీకైతే మాత్రం పక్కన ఇంకోటి తగిలించినా ఉపయోగం లేదు, పాతదాని వైరు ముందు తీసేయాలి.)

మూత పెట్టేసి, ఇంకేమీ ముట్టుకోకుండా నా కండెన్సర్ వైరుని కాయిల్ నుంచి డెల్కోకి వెళ్ళే టెర్మినల్‌కీ, బాడీని ఎర్త్‌కీ క్లిప్ చేశా. సెల్ఫ్ కొట్టగానే అందుకుంది. అప్పటికి ఆగి ఐదు నిమిషాలు కూడా కాలేదు, చల్లారిపోయిందనుకోడానికి లేదు. అయినా ఖాయం చేసుకుందామని క్లిప్ పీకేశా. గడగడలాడి ఆగింది.

ఎండలో కొంగు కప్పుకుని కొండవైపు తిరిగి దణ్ణం పెట్టుకుంటున్న పిన్ని గిర్రున తిరిగింది. "స్టార్టయిన బండిని మళ్ళీ ఆపుతావేంట్రా! ఇప్పుడే కదా స్వామికి బిందె పానకం మొక్కుకుంది, ఆయనతో పరాచికాలా?"

మళ్ళీ క్లిప్ పెట్టా, మళ్ళీ అందుకుంది. కొత్త కండెన్సర్ మర్నాడు వేయించాం. పానకం మాత్రం ఆ సాయంత్రమే పోయించి వచ్చింది.